బిల్లీ పిల్‌గ్రిమ్‌ది విధా, మొహమాటమా?

వేపపూత
నిన్న రాత్రి కర్ట్ వానెగట్ రాసిన 'స్లాటర్‌హౌస్-ఫైవ్' పూర్తి చేశాను. ఒళ్ళు మండి ఇక్కడికి వచ్చాను. యుద్ధానికి వ్యతిరేకంగా వచ్చిన గొప్ప నవల అని మీరంతా ఊదరగొడితే కొన్నాను. తీరా చూస్తే హీరో బిల్లీ పిల్‌గ్రిమ్ మొదటి నుంచి చివరిదాకా చేతులు కట్టుకుని కూర్చుంటాడు. 1968లో విమానం ఎక్కుతాడు. కాలంలో ముందుకీ వెనక్కీ తిరుగుతుంటాడు కాబట్టి అది కూలిపోతుందని ఆయనకు ముందే తెలుసు. పిల్లనిచ్చిన మామగారు కూడా అందులోనే ఉన్నాడు. అయినా నోరు విప్పడు. ట్రాల్ఫమడోర్ అనే గ్రహం వాళ్ళు వచ్చి "జరిగింది, జరుగుతున్నది, జరగబోయేది అన్నీ ఎప్పుడూ ఉంటాయి, ఏదీ మారదు" అంటే తల ఊపుతాడు. ఎవరు చచ్చినా రచయిత "సో ఇట్ గోస్" (అదంతే అన్నట్టు) అని ఒక ముక్క పడేసి ముందుకు పోతాడు. దీనికోసం అమెరికా నవల దాకా పోవాలా? అంతా నుదుటి రాత అని మా పెద్దమ్మ రోజూ చెబుతూనే ఉంటుంది.

అడిగేది ఒకటే. మనిషి చేతిలో ఏమీ లేదని వానెగట్ నిజంగానే అంటున్నాడా? అలాగైతే ఇది యుద్ధాన్ని వ్యతిరేకించే పుస్తకం ఎలా అవుతుంది?

సగం_చదివినవాడు
నేను 40వ పేజీలో ఉన్నాను. విమానం కూలుతుందా? చెప్పేశారుగా, థాంక్స్.

వేపపూత
రెండో అధ్యాయం మొదట్లోనే రచయిత చెప్పేశాడు బాబూ. 40వ పేజీలో ఉంటే అది దాటేసి ఉండాలి.

సగం_చదివినవాడు
నిద్రలో దాటేసి ఉంటాను.

పాతపుస్తకాలోడు
మొదటి అధ్యాయాన్ని ముందుమాట అనుకుని గబగబా తిప్పేసి ఉంటారు, చాలామంది అలాగే చేస్తారు. అసలు కీలకం అక్కడుంది. అందులో మాట్లాడేది బిల్లీ కాదు, స్వయంగా వానెగట్. అమెరికా సైనికుడిగా 1944 డిసెంబర్‌లో జర్మన్లకు చిక్కి, బిల్లీలాగే యుద్ధఖైదీగా జర్మనీలోని డ్రెస్డెన్ నగరం చేరాడు. 1945 ఫిబ్రవరి 13 రాత్రి మిత్రరాజ్యాల బాంబులు పడుతుంటే కబేళా కింద మాంసం దాచే గదిలో ఉండి బతికాడు. తర్వాత నేలమాళిగల్లోంచి శవాలు తీసే పని చేయించారు. అదంతా పుస్తకంగా రావడానికి ఇరవై ఏళ్ళు దాటింది, 1969లో అచ్చయింది.

ఆ అధ్యాయంలోనే ఒక సినిమా ఆయన అడుగుతాడు, యుద్ధానికి వ్యతిరేకంగా రాసే బదులు హిమానీనదాలకు వ్యతిరేకంగా రాయొచ్చుగా అని. రెండూ ఆపలేనివే అని ఎకసెక్కం. వానెగట్ కూడా నిజమేనని ఒప్పుకుంటాడు. ఒప్పుకుని కూడా పుస్తకం రాశాడు చూడండి. మీ ప్రశ్నకు సగం జవాబు అదే.

మిరపబజ్జీ
ఇప్పుడు ఆ హిమానీనదాలు కూడా కరిగిపోతున్నాయి, అదీ మన చేతుల మీదుగానే. మనిషి చేతిలో ఏమీ లేదన్నది ఎవరండీ?

వేపపూత
@పాతపుస్తకాలోడు, రచయిత రాశాడు సరే. బిల్లీ ఏం చేశాడు అన్నది నా గొడవ.

గోల్కొండ_గడప
ఏం చేస్తాడు అక్కా, వాడి వయసెంత? 1922లో పుట్టాడు, పట్టుబడేనాటికి 22. చేతిలో తుపాకీ లేదు, సరైన బూట్లు కూడా లేవు, చర్చి ఫాదర్‌కు సాయంగా పంపిన పిల్లగాడు. పాత సైనిక మిత్రుడి భార్య మేరీ ఓహేర్ మొదటి అధ్యాయంలో వానెగట్ మీద కోపంతో ఊగిపోయేది అందుకే: మీరు అప్పుడు పసిపిల్లలు, రేపు సినిమాలో మిమ్మల్ని పెద్ద మగధీరుల్లా చూపిస్తారు, మళ్ళీ యుద్ధాలొస్తాయి అని. ఆమెకు మాటిచ్చే పుస్తకానికి 'పిల్లల క్రూసేడ్' (పిల్లల మతయుద్ధం) అని రెండో పేరు పెట్టాడు. పిల్లల్ని రైలు డబ్బాల్లో కుక్కి పంపించి, నీ ఇష్టం ఏంది అని అడిగితే ఏం చెప్తారు?

తర్జుమా_తంటాలు
నాకు వేరే బాధ. రెండేళ్ళుగా ఈ నవలని సరదాకి తెలుగు చేస్తున్నాను, "సో ఇట్ గోస్" దగ్గరే బండి ఆగిపోయింది. 106 సార్లు వస్తుంది ఆ మాట. మొదట "రాసిపెట్టి ఉంది" అని పెట్టాను. నాలుగు పేజీలయ్యాక తప్పని తెలిసింది. రాసిపెట్టి ఉంది అంటే రాసినవాడు ఒకడుండాలి. ట్రాల్ఫమడోర్‌లో బ్రహ్మ లేడు, చిత్రగుప్తుడు లేడు. "నేనే ఎందుకు?" అని బిల్లీ అడిగితే వాళ్ళు ఎందుకు అనేదే లేదంటారు. జిగురులో చిక్కి గట్టిపడిన పురుగుని నువ్వెందుకు చిక్కావు అని అడిగితే ఏం చెబుతుంది, అలాంటిదే ఇది అంటారు.

తర్వాత "కర్మ" అని పెట్టి చూశాను. అది మరీ అన్యాయం. చేసుకున్నవారికి చేసుకున్నంత మహదేవా అనే అర్థం వెంటనే వచ్చి కూర్చుంటుంది. డ్రెస్డెన్‌లో కాలిపోయిన చంటిపిల్లలు ఏం చేసుకున్నారు?

మిరపబజ్జీ
"భూమ్మీద నూకలు చెల్లాయి" పెట్టండి. అచ్చ తెలుగు.

తర్జుమా_తంటాలు
పెట్టాను స్వామీ. పేలు చచ్చినప్పుడు కూడా ఆ మాట వస్తుంది. గ్యాస్ పోయిన షాంపేన్ సీసాకి కూడా వస్తుంది. షాంపేన్‌కి నూకలు చెల్లాయి అని రాస్తే అచ్చేసేవాళ్ళు నాకు నూకలు చెల్లిస్తారు.

మిరపబజ్జీ
సీసాలో నూకలుంటే అది కల్లు అయ్యుంటుందిలెండి.

రిటైర్డ్_తెలుగు_మాస్టారు
వేపపూత అమ్మాయి పెద్దమ్మగారి మాటని ఇంత తేలిగ్గా తీసేయకండి. మన కర్మ సిద్ధాంతం చేతులు కట్టుకోమని చెప్పలేదు. నిన్న నువ్వు చేసింది ఇవాళ అనుభవిస్తున్నావంటే, ఇవాళ నువ్వు చేసేది రేపటికి లెక్కలోకి వస్తుందనే కదా. అందులో మనిషి ఇష్టానికి చోటుంది. ట్రాల్ఫమడోర్‌లో అదీ లేదు.

నాకు బిల్లీని చూస్తే పరీక్షిత్తు గుర్తొచ్చాడు. ఇద్దరికీ చావు గడువు ముందే తెలుసు. పరీక్షిత్తుకు ఏడు రోజులు. బిల్లీకి 1976 ఫిబ్రవరి 13, డ్రెస్డెన్ మీద బాంబులు పడిన తేదీయే. పరీక్షిత్తు ఒంటిస్తంభపు మేడ కట్టించుకుని, విషవైద్యుల్ని పెట్టుకుని, కాపలా ఉంచుకున్నాడని భారతం. గంగ ఒడ్డున కూర్చుని శుకుడి నోట కథ విన్నాడని భాగవతం. ఎలా చూసినా ఆ ఏడు రోజులూ ఆయన ఏదో ఒకటి చేశాడు. బిల్లీ సభలో "ఇవాళ నన్ను చంపేస్తారు" అని ప్రకటించి, పోలీసులు కాపలా ఉంటామంటే వద్దని పంపేశాడు.

ఇంకో సంగతి. తక్షకుడు దారిలో కాశ్యపుడనే విషవైద్యుడిని కలుస్తాడు. కాటేసి మర్రిచెట్టుని బూడిద చేస్తాడు, ఈయన దాన్ని మళ్ళీ చిగురింపజేస్తాడు. రాజుని బతికించే విద్య చేతిలో ఉంది. తక్షకుడు ధనం ఇస్తానంటాడు. కాశ్యపుడు ధ్యానించి చూసి, రాజుకి ఆయుష్షు తీరిందని తెలుసుకుని, ధనం పుచ్చుకుని వెనక్కి మళ్ళుతాడు. ఆయుష్షు తీరింది కనక మళ్ళాడా, డబ్బు ముట్టింది కనక ఆయుష్షు తీరినట్టు కనిపించిందా? నలభై ఏళ్ళు పాఠం చెప్పాను, నాకు తేలలేదు.

వేపపూత
మాస్టారూ, మీ చివరి రెండు వాక్యాలు నాకు గట్టిగా తగిలాయి. కారణం తర్వాత చెబుతాను.

హైలైట్స్_పిచ్చోడు
ఫిలాసఫీ నాకు రాదు, క్రికెట్‌లో చెబుతా. 2011 ఏప్రిల్ 2 ఫైనల్, ధోనీ చివరి సిక్స్. యూట్యూబ్‌లో వందసార్లు చూశాను. వందసార్లూ సిక్సే. అంటే ఆ బంతిని అలా కొట్టక తప్పదని ధోనీ మెడ మీద ఎవరైనా కత్తి పెట్టారా? ఆయన ఇష్టంతోనే కొట్టాడు. చూసేవాడికి ముందే తెలియడం వేరు, ఆడేవాడికి ఇష్టం లేకపోవడం వేరు. ట్రాల్ఫమడోర్ వాళ్ళు హైలైట్స్ చూస్తున్నారు, అంతే.

పాతపుస్తకాలోడు
పోలిక బాగుంది కానీ ఒక చిక్కుంది. మీరు సోఫాలో ఉన్నారు, అరిస్తే ధోనీకి వినిపించదు. బిల్లీ గ్రౌండ్‌లో ఉన్నాడు. విమానంలో పక్క సీటువాడి భుజం తట్టొచ్చు.

హైలైట్స్_పిచ్చోడు
తట్టినా నమ్మరు కదా.

పాతపుస్తకాలోడు
నమ్మరు, సరే. తట్టకపోవడం మాత్రం బిల్లీ నిర్ణయం.

గుమ్మడిపువ్వు
ఆగండాగండి. ఇప్పుడే పుస్తకం తీసి ఆ పేజీ మళ్ళీ చూశాను. విమానం కూలుతుందని తెలిసీ బిల్లీ ఎందుకు చెప్పలేదో రచయిత కారణం రాశాడు. చెబితే నలుగురిలో వెర్రివాడినైపోతానని! విధి కాదు, కాలం ఒకేసారి ఉందని కాదు. మొహమాటం!!

మా బావగారు ఒకసారి పెళ్ళికెళ్ళి తప్పు మండపంలో భోంచేశారు. మొదటి విస్తరిలోనే తెలిసింది, ఇది మనవాళ్ళ పెళ్ళి కాదని. లేస్తే బాగోదని మజ్జిగ దాకా తిని, చదివింపుల దగ్గర 500 రాయించి మరీ వచ్చారు. బిల్లీది అదే జాతి.

మిరపబజ్జీ
500 రాయించాక ఆ పెళ్ళే వాళ్ళదవుతుంది. అది విధి.

వేపపూత
గుమ్మడిపువ్వూ, నేను ఆ వాక్యం ఎలా దాటేశానో తెలియడం లేదు. ఆ ఒక్క మాటతో లెక్కంతా మారిపోతుంది కదా. ఏదీ మార్చలేమన్నది ఆయన పైకి చెప్పే సిద్ధాంతం. లోపల ఉన్నది మామూలు భయం.

గోల్కొండ_గడప
ఇంకోటి కూడా అక్కా. ఏదీ మారదు అని నిజంగా నమ్మితే, న్యూయార్క్ పోయి రేడియోలో ఎందుకు చెప్పాడు? పేపర్లకు ఉత్తరాలెందుకు రాశాడు? వాడి వృత్తి కళ్ళద్దాలు. భూమ్మీది వాళ్ళ ఆత్మలకు సరైన కళ్ళద్దాలు రాసిస్తున్నా అనుకుంటాడు. చూపు సరిచేయొచ్చు అని నమ్మేటోడు విధివాది ఎట్లయితడు?

తర్జుమా_తంటాలు
అసలు ట్రాల్ఫమడోర్ ఉందా అన్నది ఇంకా ఎవరూ అడగలేదు. 1948లో బిల్లీ తనంతట తానే మాజీ సైనికుల మానసిక చికిత్స వార్డులో చేరతాడు. పక్క మంచం రోజ్‌వాటర్‌ది. జర్మన్ సైనికుడనుకుని 14 ఏళ్ళ ఫైర్‌మన్ కుర్రాణ్ణి కాల్చి చంపిన మనిషి. అతని దగ్గర కిల్గోర్ ట్రౌట్ అనే రచయిత సైన్స్ ఫిక్షన్ పుస్తకాల గుట్ట ఉంటుంది. ఇద్దరూ తమనీ, తమ లోకాన్నీ మళ్ళీ కొత్తగా కల్పించుకునే పనిలో ఉన్నారనీ, ఆ పుస్తకాలు బాగా పనికొచ్చాయనీ వానెగట్ రాస్తాడు. ఆ ట్రౌట్ నవలల్లో ఒకదాని కథ ఏంటంటే, వేరే గ్రహం వాళ్ళు ఒక ఆడమనిషినీ మగమనిషినీ ఎత్తుకుపోయి జూలో పెడతారు. బిల్లీ తనకు జరిగిందని చెప్పేది అచ్చం అదే.

అంటే కాలం, విధి, ట్రాల్ఫమడోర్, ఇదంతా గాయం మీద కట్టిన కట్టు కావచ్చు.

సగం_చదివినవాడు
ఇప్పుడు అది కూడా చెప్పేశారు.

ఫిజిక్స్_బెంచీ
నాకు ఈ గాయం వివరణ నచ్చదు. ఏ కష్టమైన ఆలోచన వచ్చినా "పాపం మనసు దెబ్బతింది" అని పక్కకు తోసేయడం ఈమధ్య ఫ్యాషనైపోయింది. భూత భవిష్యత్తులు రెండూ ఒకే దిమ్మగా ఉన్నాయన్న ఆలోచన ఐన్‌స్టీన్ సాపేక్షతని సీరియస్‌గా తీసుకున్నవాళ్ళలో చాలామందికి ఉంది. బిల్లీకి పిచ్చి ఉన్నా, అది తప్పని రుజువు కాదు. విశ్వం ఎలా అంతమవుతుందో ట్రాల్ఫమడోర్ వాళ్ళు చెప్పే చోటు చూడండి. వాళ్ళ పైలటే కొత్త ఇంధనాన్ని పరీక్షిస్తూ మీట నొక్కుతాడు, విశ్వం పోతుంది. ఆపలేరా అంటే, ఎప్పుడూ నొక్కాడు, ఎప్పుడూ నొక్కుతాడు అంటారు. నాకు అది భయంకరమైన జోకుగానూ అనిపించింది, నిజంగానూ అనిపించింది.

పాతపుస్తకాలోడు
ఫిజిక్స్ బెంచీ గారూ, మీరు చెప్పిన సీన్ 1969 నాటి పాఠకుడికి ఎలా వినిపించి ఉంటుందో ఆలోచించండి. అమెరికా, రష్యా రెండూ అణుబాంబుల మీట దగ్గర వేలు పెట్టుకుని కూర్చున్న రోజులు. "ఎప్పుడూ నొక్కాడు" అనే మాటను వానెగట్ సమర్థిస్తున్నాడా, ఎత్తిపొడుస్తున్నాడా?

ఫిజిక్స్_బెంచీ
ఎత్తిపొడుపే అనుకుందాం. సిద్ధాంతం తప్పని మాత్రం తేలలేదు.

డ్రెస్డెన్_దోశ
ఇక్కడ చదువుకుంటున్నాను, మూడేళ్ళైంది. ఆ కబేళా ఉన్న ప్రాంగణం ఇప్పుడు ఎగ్జిబిషన్ గ్రౌండ్. ఒకసారి జాబ్ ఫెయిర్‌కి రెజ్యూమే పట్టుకుని వెళ్ళాను, అది ఇదేనని తర్వాత తెలిసింది. ఏటా ఫిబ్రవరి 13 సాయంత్రం చర్చి గంటలు మోగుతాయి, జనం చేతులు పట్టుకుని గొలుసుగా నిలబడతారు. కూలిపోయి 2005లో మళ్ళీ లేచిన ఫ్రావెన్‌కిర్కె చర్చి గోడలో పాత నల్లరాళ్ళు కొత్త తెల్లరాళ్ళ మధ్య మచ్చల్లా కనిపిస్తాయి.

ఒక సవరణ. నవలలో చనిపోయినవాళ్ళు 1,35,000 అని ఉంటుంది. అప్పట్లో ప్రచారంలో ఉన్న అంకె అది. ఇక్కడి చరిత్రకారుల కమిషన్ 2010లో తేల్చింది ఎక్కువలో ఎక్కువ 25,000. పెద్ద అంకెని నాజీ సానుభూతిపరులు ఇప్పటికీ వాడుకుంటారు, అందుకని చెబుతున్నా.

గోల్కొండ_గడప
25,000 కూడా చిన్న ఊరంత జనమే కదా తమ్ముడూ.

డ్రెస్డెన్_దోశ
అవునన్నా. తగ్గించడానికి చెప్పలేదు.

ఉక్కునగరం
మాది వైజాగ్. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు మా ఊరి మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. మా ముత్తాత హార్బర్‌లో కలాసీ. ఆ రోజు పిల్లాడికి జ్వరమని డ్యూటీ మార్చుకున్నాడట. ఆయన బదులు వెళ్ళినాయనకి కాలు పోయింది. మా ఇంట్లో ఈ కథ ఎప్పుడు చెప్పినా "మనకి రాసిపెట్టి లేదు" అని ముగుస్తుంది. మా నాన్న ఒకసారి ఆ రెండో కుటుంబం వాళ్ళని ఒక పెళ్ళిలో కలిశాడు. వాళ్ళింట్లో కథ ఇలా ఉందట: "మీ తాత డ్యూటీ మార్చుకున్నాడు." అంతే. రాత లేదు, గీత లేదు.

అప్పటి నుంచి మా నాన్న ఆ కథ చెప్పడం మానేశాడు.

రిటైర్డ్_తెలుగు_మాస్టారు
ఇది పాఠంలో చెప్పాల్సిన కథ.

వేపపూత
ఇక నా సంగతి చెబుతాను. ఉక్కునగరం గారు రాసింది చదివాక దాచుకోబుద్ధి కావడం లేదు.

రెండేళ్ళ కింద నాన్నకి రాత్రి పదకొండింటికి గుండెనొప్పి వచ్చింది. దగ్గర్లోని ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్ళాం. అడ్వాన్స్ కట్టందే లోపలికి తీసుకోలేదు. నా కార్డు పనిచేయలేదు, తమ్ముడు ఏటీఎంకి పరిగెత్తాడు. ఈసీజీ తీసేసరికి 40 నిమిషాలు పోయాయి. తెల్లవారుజామున నాన్న పోయారు. పదో రోజు మా పెదనాన్న కొడుకు నన్ను పక్కకు పిలిచి "నూకలు చెల్లాయమ్మా, మనమేం చేస్తాం" అన్నాడు. ఓదార్చడానికే అన్నాడు, తెలుసు. కానీ ఆ మాటతో ఆ 40 నిమిషాలు మాయమైపోయాయి. కౌంటర్ దగ్గర కూర్చున్న మనిషి, రూల్ పెట్టినవాళ్ళు, అరవకుండా వరసలో నిలబడ్డ నేను, అందరం బయటపడిపోయాం.

అందుకే ఆ "సో ఇట్ గోస్" నాకు సూదిలా గుచ్చుకుంది.

గుమ్మడిపువ్వు
అయ్యో. అరవకుండా నిలబడడం మీ తప్పు కాదు. పైన ఆ పెళ్ళి జోకు వేసినందుకు ఇప్పుడు సిగ్గుగా ఉంది.

వేపపూత
ఛ, అదేం లేదు. మొహమాటం అన్న మాట దొరికింది మీవల్లే. ఆ రాత్రి నాది కూడా అదే.

నైట్‌షిఫ్ట్_నర్సు
చాలా రోజులుగా చదవడమే తప్ప ఇక్కడ రాయలేదు. ఐసీయూలో పదకొండేళ్ళు. "ఇంక మన చేతుల్లో లేదు" అనే మాట మేం రోజూ అంటాం. అందులో రెండు రకాలున్నాయి. కొన్నిసార్లు అది నిజం, చేయాల్సినవన్నీ చేశాకే అంటాం. కొన్నిసార్లు దుప్పటిలా కప్పడానికి అంటాం. బయటివాళ్ళకి తేడా తెలియదు. మాకు తెలుసు.

నవల గురించి ఒక్కటి. శవాలు తీసే పని చేసిన మనిషి ప్రతి చావుకీ ఒకే చిన్న మాట వాడటం నాకు వింతగా అనిపించలేదు. చెయ్యి ఆగకుండా ఉండాలంటే అలాంటి మాట ఒకటి కావాలి. నేను "సరే" అంటాను. బెడ్ ఖాళీ చేసేటప్పుడు "సరే" అని, తర్వాతి పేషెంట్ షీట్ తీస్తాను. ఆ "సరే"కి ఒప్పుకున్నాననే అర్థం లేదు.

వేపపూత గారూ, ఒక విషయం. రోగి రికార్డులు మూడేళ్ళు దాచాలని 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నియమాల్లో ఉంది. రాతపూర్వకంగా అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. రెండేళ్ళే అయింది కాబట్టి ఇంకా టైముంది. వచ్చిన టైమూ, ఈసీజీ టైమూ అందులో ఉంటాయి.

తర్జుమా_తంటాలు
"సరే." రెండేళ్ళ నుంచి వెతుకుతున్నాను నేను.

మిరపబజ్జీ
షాంపేన్ చచ్చింది. సరే. బాగానే కుదిరింది!

ఫిజిక్స్_బెంచీ
ఇది ముక్కుసూటిగా ఉంటుందేమో, క్షమించండి. వేపపూత గారి కోపం న్యాయమే, కానీ అది నవల మీద కాదు. 40 నిమిషాలు ఎవరి తప్పు అన్న ప్రశ్నకీ, కాలం ముందే స్థిరమై ఉందా అన్న ప్రశ్నకీ సంబంధం లేదు. స్థిరమై ఉన్నా ఆ కౌంటర్ మనిషి చేసింది తప్పే.

పాతపుస్తకాలోడు
సంబంధం ఉందండీ, పుస్తకంలోనే ఉంది. విమానం కూలాక ఆసుపత్రిలో బిల్లీ పక్క మంచం మీద రమ్‌ఫోర్డ్ ఉంటాడు, వైమానిక దళం చరిత్ర రాసే ప్రొఫెసర్. డ్రెస్డెన్ మీద బాంబులు వేయక తప్పలేదంటాడు. బిల్లీ ఏమంటాడు? తెలుసు, అంతా బాగానే ఉంది, ఎవరు చేసేది వాళ్ళు చేయాల్సిందే, ట్రాల్ఫమడోర్‌లో నేర్చుకున్నాను అంటాడు. అప్పటిదాకా ఆ ప్రొఫెసర్‌కి బిల్లీ అక్కడున్నాడంటేనే చిరాకు. బాంబు వేసినవాడి తరఫు మనిషి "తప్పలేదు" అంటే, బాంబు కింద ఉన్నవాడు వంత పాడుతున్నాడు. నాకు నవల మొత్తంలో ఒళ్ళు గగుర్పొడిచేది అగ్నిగుండం కాదు, ఈ సంభాషణ.

అందుకే లయన్స్ క్లబ్ మీటింగులో ఒక మేజర్ వియత్నాంని బాంబులతో రాతియుగానికి పంపాలి అంటుంటే బిల్లీకి వణుకు కూడా పుట్టదు. కొడుకు అక్కడే సైన్యంలో ఉంటాడు.

ఫిజిక్స్_బెంచీ
అంటే సిద్ధాంతం నిజమా అబద్ధమా అని కాకుండా, ఎవరికి పనికొస్తోందో చూడమంటారు. చూస్తాను. కానీ ఒప్పుకోను.

గోల్కొండ_గడప
ఎడ్గర్ డెర్బీని ఎవరూ తలవలేదు ఇంకా. 44 ఏళ్ళ స్కూలు టీచర్. వీణ్ణి చంపేస్తారని రచయిత మొదట్లోనే చెప్తడు. శిథిలాల్లో దొరికిన టీ కెటిల్ తీసుకున్నందుకు కాల్చేస్తరు. ఊరంతా బూడిద చేసినోళ్ళకు మెడళ్ళు, టీ కెటిల్‌కు తూటా. కానీ అంతకుముందు ఖైదీలను తమ సైన్యంల చేర్చుకుందామని నాజీల మనిషి వస్తే, అందరూ తల వంచుకుని కూర్చున్నప్పుడు ఈ ముసలాయన ఒక్కడే లేచి నిలబడి తిడతడు. అక్కడ వానెగట్ అంటడు, ఈ కథలో పాత్రలు దాదాపు లేవు, యుద్ధం మనుషుల్ని పాత్రలుగా ఉండనీయదు, కానీ ఇప్పుడు డెర్బీ ఒక పాత్ర అయ్యాడు అని. చావు ఫిక్స్. లేచి నిలబడ్డది మాత్రం డెర్బీ సొంతం.

సగం_చదివినవాడు
డెర్బీ చస్తాడని నాకు తెలుసు! ఇది నేను చదివిన పేజీల్లోనే ఉంది!

నైట్‌షిఫ్ట్_నర్సు
నాకు మరిచిపోలేనివి గుర్రాలు. యుద్ధం అయిపోయాక బిల్లీ బండిలో ఎండకి హాయిగా పడుకుని ఉంటాడు. ఇద్దరు జర్మన్ డాక్టర్లు, కాన్పులు చేసే భార్యాభర్తలు, వచ్చి గుర్రాల్ని చూపిస్తారు. నోళ్ళలో నెత్తురు, డెక్కలు పగిలిపోయాయి, దాహంతో పిచ్చెక్కుతున్నాయి. వీళ్ళు వాటిని మోటారు బండిలా తోలారు. అప్పుడు బిల్లీ భోరున ఏడుస్తాడు. యుద్ధం మొత్తంలో ఏడ్చింది అప్పుడొక్కసారే. అంతా ముందే నిర్ణయమైపోయిందని నమ్మేవాడికి ఆ ఏడుపు ఎక్కడి నుంచి వచ్చింది?

రిటైర్డ్_తెలుగు_మాస్టారు
ఆ గుర్రాల బాధ మిగతావాటిలా కాదమ్మా, అక్కడ తప్పు తనది. దిగి చూసి ఉండాల్సింది, చూడలేదు. మనిషి తన తప్పుకే అలా ఏడుస్తాడు.

తర్జుమా_తంటాలు
మాస్టారూ, ఈ మాట నా తర్జుమాకి ముందుమాటలో వాడుకోవచ్చా?

రిటైర్డ్_తెలుగు_మాస్టారు
వాడుకో నాయనా. పేరు వేయకు, పెన్షన్ ఆఫీసువాళ్ళు నేనింకా పనిచేస్తున్నాననుకుంటారు.

పాతపుస్తకాలోడు
ట్రాల్ఫమడోర్ వాళ్ళ సలహా ఏంటి? మాకూ ఘోరమైన యుద్ధాలున్నాయి, వాటిని చూడం, మంచి క్షణాలే చూస్తాం అంటారు. మొదటి అధ్యాయంలో వానెగట్ చెప్పేది దీనికి నేరుగా ఎదురు. తగలబడుతున్న ఊరిని వెనక్కి తిరిగి చూడొద్దన్నా చూసి ఉప్పుస్తంభమైపోయిన బైబిల్ ఆవిడ, లోతు భార్య, ఆమె అంటే నాకిష్టం, అది మనిషి లక్షణం కాబట్టి అంటాడు. ఈ పుస్తకం రాసింది కూడా ఒక ఉప్పుస్తంభమే అంటాడు.

వేపపూత
మొదటి అధ్యాయం ఇవాళ మళ్ళీ చదివాను, ఈసారి నిదానంగా. గుర్రాల పేజీ కూడా. బిల్లీ మీద కోపం పూర్తిగా పోలేదు. విమానం దగ్గర మాత్రం క్షమించలేను.

నర్సు గారూ, మధ్యాహ్నం ఆ ఆసుపత్రికి వెళ్ళి అర్జీ ఇచ్చాను. కౌంటర్‌లో అమ్మాయి "ఇప్పుడెందుకండీ, రెండేళ్ళైంది కదా" అంది. రసీదు ఇచ్చేదాకా అక్కడే నిలబడ్డాను. వెనక వరసలో వాళ్ళు గొణిగారు. 72 గంటలంటే శుక్రవారానికి అవుతుంది.

నైట్‌షిఫ్ట్_నర్సు
కాపీలొచ్చాక ఈసీజీ షీట్ పైన ప్రింటైన టైము చూడండి. చేత్తో రాసిన టైము వేరేగా ఉంటే రెండూ ఫొటో తీసి పెట్టుకోండి. అర్థం కాకపోతే నాకు మెసేజ్ చేయండి, డ్యూటీ దిగాక చూస్తాను.

సగం_చదివినవాడు
మీ గొడవలో పడి నేనూ పూర్తి చేశాను. చివర్లో ఒక పిట్ట "పూ-టీ-వీట్?" అంటుంది. అంటే ఏంటి? అంతేనా? పుస్తకం అయిపోయిందా?

తర్జుమా_తంటాలు
అయిపోయింది. ఆ పిట్ట మాటని తెలుగులో ఏం చేయాలో ఇప్పుడు అది పట్టుకుంది నన్ను.

కొత్తసభ్యుడు_77
ఫ్రెండ్స్ ఈ నవల పీడీఎఫ్ ఎవరి దగ్గరైనా ఉందా? తెలుగులో అయితే బెటర్.

మిరపబజ్జీ
లేదు. సరే.